హోం టౌన్ అనే గడి

6 మార్చి 1983, ఆదివారం

భిలాయి తెలుగు సంఘంలో మీటింగు. భోపాల్ అసెంబ్లీలో నడుస్తున్న గొడవ మీద. ఇకమీదట ఈ రాష్ట్రంలో డాక్టరు సీటు కావాలంటే పిల్ల ఈ రాష్ట్రంలోనే పుట్టి ఉండాలి. లేదంటే తండ్రి ఇక్కడ స్థిరపడిపోయాడని ఉద్యోగమిచ్చినవాళ్లు రాసివ్వాలి. ఇంతే రూలు. దీనికి హాలంతా శోకాలు, వద్దని అర్జీ.

రెండు నెలల కిందట హైదరాబాదులో కొత్త ప్రభుత్వం వచ్చిందని ఇదే హాల్లో లడ్డూలు పంచారు. మన రాష్ట్రం మనది, మన ఉద్యోగాలు మనవి అని చప్పట్లు. ఇప్పుడు ఇక్కడివాళ్లు అదే మాట అంటే అన్యాయమట. లేచి చెప్పాను... రూలు సబబే, మీ అర్జీ మీద నేను సంతకం పెట్టను. పాతికేళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతూ, ఇక్కడివాళ్ల భాషలో పది మాటలు నేర్చుకోని మనం ఏ మొహం పెట్టుకుని అర్జీ పెడతాం?

అర్జీ కాగితం పక్కవాడికి అందించి కూర్చున్నాను. నాకు చాలా హాయిగా ఉంది.

ఈ పేజీకి మాత్రం చెప్పాలి. మా అమ్మాయి రమ ఇక్కడి ఆస్పత్రిలోనే పుట్టింది. మాకు ఈ రూలుతో ఏ ఇబ్బందీ లేదు.

8 మార్చి

పొద్దున్నే పక్క క్వార్టరు అప్పలనాయుడు గోడ మీదుగా మొహం పెట్టాడు. ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో ఫోర్‌మన్. డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, కళ్ల చుట్టూ మసి.

"ఏటి మూర్తిబాబూ, మీటింగుల అలగనీసినారు? మరి మా గుంట గతేటి?"

వాళ్ల గుంట అంటే కూతురు సత్యవతి. మా రమతో ఒకే బెంచీ, ఒకే సైకిలు, ఒకే ప్రీ-మెడికల్ పరీక్ష. ఇద్దరూ మేలో రాస్తారు. కానీ సత్య పుట్టింది టెక్కలి దగ్గర, వాళ్లమ్మ పుట్టింట్లో. తొలి కాన్పుకి పైడితల్లిని ఏడో నెలలో రైలెక్కించి పంపాడు నాయుడు, సారె పెట్టెతో సహా. మనవాళ్లలో పంపనివాడెవడు?

మా ఆవిడ కాంతానికి తల్లి లేదు. అందుకని రమ ఇక్కడ పుట్టింది. అప్పుడు కాలనీ అంతా మామీద జాలిపడింది. పైడితల్లి పదకొండు రోజులు పథ్యం వండి పట్టుకొచ్చింది. ఆ దిక్కులేనితనమే ఇప్పుడు రమకి హక్కయింది. నవ్వొస్తోంది.

నాయుడికి ఏం చెప్పాను? "చూద్దాంలేవోయ్" అన్నాను.

13 మార్చి

హిందీ పేపరుకి ఉత్తరం రాశాను. ఒక తెలుగు పౌరుడి అభిప్రాయం. ఈ గడ్డ కింద ఇనుము, ఈ గడ్డ మీద మన క్వార్టర్లు, మధ్యలో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు... వాళ్ల పిల్లలకి ముందు సీటు ఇవ్వడం దానం కాదు, బాకీ. ఈ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. బాగుంది. నిజం కూడా. నిజమైన మాట మనకి లాభం తెస్తే దాన్ని అబద్ధం అనక్కర్లేదు కదా.

19 మార్చి

వేశారు. పేరుతో సహా.

మా సెక్షన్ ప్యూను సుఖరామ్ పేపరు పట్టుకుని వచ్చాడు. చదవడం రాదు, ఎవరో చదివి వినిపించారట. "సాబ్, ఆప్ తో హమారే ఆద్మీ నిక్లే" అని, మీరు మావాళ్లే అంటూ కాళ్లకి దండం పెట్టబోయాడు. వాళ్ల ఊరు ప్లాంటు కింద పోయింది. అది తలుచుకునే రాశాను ఆ వాక్యం.

"తో సాబ్, మా వాడికి కూడా సీటొస్తుందా?" అన్నాడు.

వస్తుందన్నాను. వాళ్ల బడిలో సైన్సు మాస్టారే లేడని నాకు తెలుసు.

20 మార్చి

కాంతం అన్నం పెట్టి మొహం తిప్పుకుంది. సంఘంలో ఆడవాళ్లు ఏదో అన్నారట. అననీ.

11 ఏప్రిల్

అసెంబ్లీలో అయిపోయింది. రేడియో వార్తల్లో నాలుగు ముక్కలు. ప్రతిపక్షం వాకౌట్ చేసిందట... క్యాంటీన్ దాకా చేసి ఉంటారు. రెండు వైపులవాళ్లూ ఛత్తీస్‌గఢ్ బిడ్డలని కన్నీళ్లు పెట్టుకున్నారట. ఇరవై ఏళ్లలో ఆ బిడ్డలకి ఒక్క సైన్సు మాస్టారుని వేయలేని కన్నీళ్లు. రూలు మంచిదే. దాన్ని చేసిన మొహాలే మంచివి కావు. ఈ రెండూ వేరువేరని మా సంఘంలో ఒక్కడికీ ఎక్కదు.

18 ఏప్రిల్

సర్క్యులర్ మా పర్సొనెల్ సెక్షన్‌కి వచ్చింది. ఉద్యోగి స్థిరనివాసం నిర్ణయించడానికి సర్వీసు పుస్తకంలో 'హోం టౌన్' గడి చూడాలట. అందులో బయటి ఊరుంటే వాడు బయటివాడు.

కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నాను. మనవాళ్లలో ఆ గడిలో భిలాయి అని రాసుకున్న మగాడు ఒక్కడూ లేడు. అందరూ ఊరి పేరే రాశారు... రెండేళ్లకోసారి పెళ్లాం పిల్లలతో ఊరెళ్లడానికి కంపెనీ రైలు చార్జీ ఇస్తుంది, హోం టౌన్‌కి మాత్రమే. ఆ టిక్కెట్టు కోసం తామంతట తామే బయటివాళ్లమని సంతకం పెట్టి ఇచ్చారు. ఏ మంత్రీ ఇంత చక్కగా వేరుచేయలేడు.

నేనూ ఊరి పేరే రాశాను. రమకి దాంతో పని లేదు, ఇక్కడ పుట్టింది కాబట్టి.

నాయుడి పుస్తకం తీసి చూశాను. ఆ గడిలో రాత నాదే. చేరిన కొత్తలో వాడికి ఇంగ్లీషు రాదని నేనే నింపాను. "ఊరి పేరు బాగా రాయండి బాబూ, టెక్కలి పక్కనని కూడా రాయండి" అన్నాడు. గుండ్రంగా రాశాను.

24 ఏప్రిల్, ఆదివారం

నాయుడు వచ్చాడు. ఉతికిన చొక్కా. కుర్చీ చివర కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల నుంచి మా ఇంట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు.

"బాబూ, హోం టౌను మార్సుకోవొచ్చంట కదా... సర్వీసుల ఒక్కపాలి?"

అవునన్నాను. ఎవరు చెప్పారో.

"అయితే భిలాయే రాసీండి. మరి ఊరెల్లడం ఒగ్గేసినట్టే. ఏటి సేస్తాం, గుంట సదువు కంటే ఊరెక్కువేటి?"

కాంతం వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తోంది. అర్జీ రాసిపెట్టాను. నా చేత్తోనే.

26 ఏప్రిల్

ఆఫీసులో అర్జీ నా టేబిలు మీదికే వచ్చింది. ఎర్ర సిరాతో ప్రశ్న రాసి తిప్పి పంపాను: 'దరఖాస్తుదారుకి భిలాయిలో స్థిరాస్తి ఏముంది?'

ఈ ప్రశ్న అడగొచ్చు. రూల్లో ఉంది. అడగకుండా ఉండొచ్చు కూడా... అదీ రూల్లో ఉంది. పక్క టేబిలు మిశ్రా అయితే అడిగేవాడు కాదు.

ఎందుకు అడిగానో ఇక్కడైనా రాయాలి. ప్రీ-బోర్డులో సత్య క్లాసులో మొదటిది. రమ ఐదోది. ఎప్పుడూ అంతే, ఒకటో క్లాసు నుంచీ. కోక్ ఓవెన్స్ ఫోర్‌మన్ కూతురు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి మా రమకి ఫిజిక్సు చెబుతుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటూ ఉంటాను. నాకు ఆ పిల్లంటే కుళ్లు.

3 మే

వడగాలి. కూలర్లో వట్టివేళ్లు మార్చాలి. నాయుడు సెలవు పెట్టి ఊరెళ్లాడు. హోం టౌన్ టిక్కెట్టు మీద, ఆఖరిసారి.

15 మే

పరీక్ష అయింది. ఇద్దరూ కలిసి వచ్చారు. రమ మొహం చూస్తే తెలిసింది. సత్య మొహం చూడలేదు.

22 మే, ఆదివారం

నాయుడు తిరిగొచ్చాడు. ఊళ్లో తన వాటా జీడితోట అమ్మేసి వచ్చాడు. ఇక్కడే స్మృతి నగర్ వైపు ప్లాటు తీసుకుంటాడట. ఎర్ర సిరా ప్రశ్నకి జవాబు.

"మాయమ్మ మట్టి తీసి నా మీదికిసిరింది బాబూ. నీకీ ఊరితో ఋణం తీరిపోనాది, నా పీనిగకి కూడా రావొద్దు అన్నాది." చెప్పి నవ్వాడు. నవ్వు ఆగక కండువా అడ్డం పెట్టుకున్నాడు.

నేను అమ్మమన్నానా? స్థిరాస్తి ఏముందని మాత్రమే అడిగాను. లేదని రాసిస్తే సరిపోయేది... తరవాత ఇంకో కాగితం నడిచేది. వాడికి తెలీదు. నేను చెప్పలేదు.

సంచీడు జీడిపప్పు తెచ్చాడు మాకోసం. ఆ తోటదే. కాంతం ఉప్మాలో వేసింది. బాగుంది.

29 మే

సంఘంలో ఆ అర్జీ చివరికి పంపనేలేదట. ముందు ఎవరి పేరుండాలన్న దగ్గర కొట్టుకున్నారు. జాతి.

13 జూన్

ప్లాటు కాగితం జతపరిచి నాయుడు మళ్లీ అర్జీ ఇచ్చాడు. ఫైలు నిండుగా ఉంది. ఏదీ తక్కువ లేదు. 'పరిశీలనలో' అని రాసి కింద పెట్టాను. దాని మీద కొలిమి శాఖ బదిలీల కట్ట పెట్టాను.

పొద్దున పేపర్లో ఇంకో చర్చ. వైద్య విద్య హిందీలో ఉండాలా, ఇంగ్లీషులోనా. భోపాల్‌లో ఇంగ్లీషు కాన్వెంట్లలో పిల్లల్ని చదివించుకుంటున్న పెద్దమనుషులు హిందీ కోసం ప్రాణాలిస్తున్నారు. దీని మీదా ఉత్తరం రాయాలనుకున్నాను. చేయి సాగలేదు.

28 జూన్

జాబితా వచ్చింది. ఆడపిల్లల సీట్లలో ఆఖరి పేరు రమది. ఆఖరిది!

కాంతం దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను జాబితా మళ్లీ పై నుంచి చదివాను. మూడో పేరు సత్యవతి, పక్కన చుక్క. కింద చిన్న అక్షరాల్లో ఉంది: చుక్క ఉన్నవారు స్థిరనివాసపు కాగితం ఇస్తేనే సీటు; ఇస్తే జాబితాలో ఆఖరి పేరు తొలగుతుంది. జులై 11 ఆఖరు. కాగితం మీద ఆ తేదీలోపు ఆఫీసు ముద్ర ఉండాలి.

కాగితం వస్తే సత్య లోపలికి. ఒక పేరు బయటికి. ఏ పేరో మళ్లీ చదవక్కర్లేదు.

ఇంకోటి కూడా చూశాను. మొత్తం జాబితాలో సుఖరామ్ ఊరివాళ్లు ఎవరూ లేరు. ఊళ్లు పోయినవాళ్ల పిల్లలెవరూ లేరు. పవర్ హౌస్ బజారు దుకాణదార్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు, వకీళ్ల పిల్లలు. ఎవరి పేరు చెప్పి రూలు చేశారో వాళ్లకి తప్ప అందరికీ. నేను కూడా వాళ్ల పేరే చెప్పాను, హిందీ పేపర్లో. రూలు మంచిదేనని ఇప్పటికీ అంటాను. కానీ దాని తలుపు దగ్గర నిలబడ్డది నాలాంటివాడు.

30 జూన్

సత్య వచ్చి నా కాళ్లకి దండం పెట్టింది. "మావయ్యగారూ, మీ దగ్గరే ఉందట కదా ఫైలు. ఔర్ కిత్నే దిన్ లగేంగే?" ఇంకా ఎన్ని రోజులని. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది, మా రమలాగే.

అయిపోతుందమ్మా అన్నాను.

5 జులై

నాయుడు రోజూ ఆఫీసు వరండాలో బెంచీ మీద. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వస్తున్నాడు. నన్ను ఏమీ అడగడు. లేచి నిలబడతాడు, అంతే. నేను లోపలికి వెళ్లాక కూర్చుంటాడు. వాడు ఒక్కసారి తిట్టినా నాకు సులువుగా ఉండేది.

సుఖరామ్ వాడికి టీ ఇస్తున్నాడు.

8 జులై

రేపు నాకు సెలవు, రమ కాగితాల పని మీద రాయపూర్ వెళ్లాలి. నేను లేకపోతే నా టేబిలు మిశ్రా చూస్తాడు. మిశ్రా మంచివాడు, వెంటనే సంతకం పెట్టేస్తాడు.

ఫైలు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

రాశాను కదా. ఇక్కడ రాసింది ఎవరూ చదవరు.

10 జులై, ఆదివారం

వాన. మధ్యాహ్నం భోజనాలయ్యాక రమ తన బర్త్ సర్టిఫికెట్ కోసం నా సంచి తీసింది. నేను వద్దనేలోపే. నీలం అట్ట ఫైలు బయటికి వచ్చింది. పేరు చదివింది. లోపల ఒక్కొక్క కాగితం తిప్పింది. ప్లాటు కాగితం దగ్గర చాలాసేపు ఆగింది.

"నాన్నా, యే ఘర్ మే క్యా కర్ రహా హై?"

ఫైలు ఇంట్లో ఎందుకుందని.

"అన్నీ ఉన్నాయి కదా ఇందులో. ఏం తక్కువ?"

"నా సంతకం" అన్నాను.

"తో కర్ దీజియే న, పెట్టేయండి!" గట్టిగానే అంది. కళ్లల్లో నీళ్లు. "సత్య రెండు రోజులుగా ఏం తినట్లేదు, తెలుసా మీకు? రేపే కదా లాస్ట్ డేట్..."

అప్పుడు జాబితా తీసి దాని ముందు పెట్టాను. మూడో పేరు మీద వేలు పెట్టాను. అక్కడి నుంచి కిందికి, ఆఖరి పేరు దాకా. తెలివిగల పిల్ల. ఐదో ర్యాంకు తెలివి, అయినా చాలు.

జాబితా రెండుసార్లు చదివింది. గోడ అవతల పైడితల్లి ఎవరినో కేకలేస్తోంది.

నేను ఒకటి కోరుకున్నాను ఆ కాసేపు. నా మొహాన విసిరికొడుతుందని. సీటు అక్కర్లేదంటుందని. అంటే సంతకం పెట్టేసేవాణ్ణి, ఒట్టు, అప్పటికప్పుడు. పెన్ను జేబులోనే ఉంది.

రమ కాగితాలన్నీ అంచులు కలిపి సర్దింది. ఎర్ర టేపు కట్టింది. ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ కట్టింది. ఫైలు సంచిలో పెట్టి రెండు బకిల్సూ బిగించింది.

"సత్యకి తెలియనివ్వకండి" అంది. తెలుగులో. ఒక్క హిందీ మాట కలపకుండా.

తరవాత గొడుగు తీసుకుని నాయుడింటికి వెళ్లింది. సత్య చేత అన్నం తినిపించి వచ్చిందట. కాంతం మెచ్చుకుంటోంది.

నాకు కావలసింది ఇదే కదా. నా కూతురు నాకు సాయం చేసింది. అంతకంటే ఘోరమైనది నా ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

11 జులై, సోమవారం

ఆఫీసులోనే రాస్తున్నాను, ఈ పుస్తకం మొదటిసారి ఇక్కడికి తెచ్చాను. నాలుగున్నర. ఫైలు నా ముందు తెరిచి ఉంది. డెస్పాచ్‌లో ఐదింటికి ముద్ర లోపల పెట్టేస్తారు.

మిశ్రా ఒకసారి వచ్చి, "నాయుడుది అయిందా మూర్తిజీ?" అని అడిగి వెళ్లాడు. చూస్తున్నానన్నాను. చూస్తూనే ఉన్నాను. హోం టౌన్: టెక్కలి దగ్గర... నా గుండ్రటి రాత. దాని కింద నాయుడి సంతకం. తెలుగులో నేర్చుకున్న నాలుగక్షరాలు.

పెట్టొచ్చు. ఇప్పటికీ పెట్టొచ్చు. అసెంబ్లీలో అంతమంది అరిచి చేసిన రూలు, గవర్నరు సంతకం, గెజిట్టు... అన్నీ వచ్చి చివరికి నా టేబిలు మీద ఈ అరంగుళం ఖాళీలో ఆగాయి. సర్కారు అంటే ఎవరో అనుకుంటూ ఉత్తరాలు రాశాను ఇన్నాళ్లూ.

పెడితే రమ? నిన్న ఆ బకిల్సు బిగించాక, నేను పెట్టినా ఆ పిల్ల మళ్లీ వెనకటి పిల్ల అవుతుందా? పెట్టకపోతే డాక్టరు అవుతుంది. ఎలాంటి డాక్టరు.

వరండాలో మాటలు. నాయుడి గొంతు: "నువ్వెందుకొచ్చినావే, వానలో?"

సత్య వచ్చింది. ఒంటరిగా రావడానికి భయమేసి తోడు తెచ్చుకుందట. తోడు రమ.

తలుపు సందులోంచి కనిపిస్తున్నారు. బెంచీ మీద ముగ్గురూ. సత్య తల రమ భుజం మీద. రమ ఆ పిల్ల చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, వేళ్లు నిమురుతోంది. సుఖరామ్ వాళ్లకి నీళ్లు తెచ్చిచ్చాడు.

పెన్ను మూత తీశాను. నాలుగూ నలభై ఎనిమిది.

రమ తలెత్తి నన్ను చూసింది. ఆ తరవాత నా వెనక గోడ మీద గడియారం చూసింది. ఇంకా దాన్నే చూస్తోంది.